మొటిమల బ్యాటు, కత్తెర పట్టు

కత్తెరక్క బ్యాటు పట్టుకోవడం చూసి నోరు మూసుకుని ఊరుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఆట వచ్చినవాళ్ళు చెప్పారంటే అర్థముంది. హాలు ఊడ్చే ఆవిడ కూడా చీపురు గోడకానించి, "అక్కా, అది అలా కాదేమో" అంటుంది. టీ తెచ్చే మనిషి గ్లాసులు కింద పెట్టి మరీ చెయ్యి తిప్పి చూపిస్తాడు. ఆయన జన్మలో బ్యాటు ముట్టిన పాపాన పోలేదు. ఒకావిడ పిల్లను చంకనేసుకుని ఆట చూడడానికి వస్తుంది. ఆ పిల్లకింకా మాటలు రాలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ ఒక సలహా పారేసేదే.

ఇంతకీ కత్తెరక్క చేసిన నేరం ఏమిటంటే, టేబుల్ టెన్నిస్ బ్యాటును కత్తెర పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. పిడి పైకి, పలక కిందికి. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలూ మధ్యవేలూ రెండో పక్క. కాసేపు ఆగితే బల్లను నిలువునా కత్తిరించేస్తుందేమోనని చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది.

అనుమానం రావడంలో తప్పు లేదు. ఆవిడ చేసే పని అదే. ఆస్పత్రి దుస్తులు కుట్టే యూనిట్లో కటింగ్ టేబుల్ దగ్గర నిలబడే ఆవిడ జుట్టు నెరిసింది. గుడ్డ పొరలు పొరలుగా పరిచి, సుద్దగీత వెంబడి మూరెడు కత్తెర నడిపించాలి. మిషను కత్తి వచ్చాక నిలువు కోతలు దానికి పోయాయిగాని, మెడలూ చంకలూ జేబు మూలలూ ఇప్పటికీ ఆవిడ చేతికే వస్తాయి. ఇన్నేళ్ళ పనికి కుడిచేతి బొటనవేలి కీలు బిగుసుకుపోయింది. అది పిడి చుట్టూ తిరగమంటే తిరగదు. డాక్టరు చూసి, "నొప్పి ఉందా?" అన్నాడు. "లేదండీ" అంది. "అయితే వదిలెయ్యండి" అన్నాడు. డాక్టరే వదిలేసిన వేలిని ఈ లోకం మాత్రం వదలడం లేదు.

ఆట కూడా ఆ యూనిట్లోనే అబ్బింది. భోజనాల గదిలో టేబుల్ టెన్నిస్ బల్ల ఒకటి ఉంది. దాని మీదే అందరూ డబ్బాలు పెట్టుకుని తింటారు. తిన్నాక తుడిచి, నెట్టు కట్టి ఆడతారు. మంచి బ్యాట్లన్నీ ముందు పరిగెత్తినవాళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. కటింగ్ గది దూరం కాబట్టి చివరికి వచ్చే కత్తెరక్కకు మిగిలింది బీరువా అడుగున పడున్న ఒక అనాథ బ్యాటు. ఒక వైపు ఉత్త చెక్క. రెండో వైపు నల్ల రబ్బరు ఉందిగాని, అది నున్నగా ఉండదు, ఒళ్ళంతా సన్నసన్న బుడిపెలు. మొటిమల బ్యాటని ఎవరో పేరు పెట్టారు. అంటుకుంటాయేమో అన్నట్టు ఎవరూ దాని జోలికి పోయేవాళ్ళు కాదు కాబట్టి, చివరికి ఆవిడే దాన్ని ఇంటికి తెచ్చేసుకుంది.

ఆ బుడిపెల సంగతి ఆడగా ఆడగా తెలిసింది. నున్నటి రబ్బరు బంతిని పట్టి తిప్పుతుంది. బుడిపెల రబ్బరు పట్టదు, ఎదుటివాళ్ళు తిప్పిన తిప్పుడునే తిరగేసి వాళ్ళకు పంపిస్తుంది. ప్రాణం పెట్టి కొట్టిన బంతి తిరిగొచ్చి ఉసూరుమని వాళ్ళ ముందు పడుతుంది. మామూలు బంతే కదా అని మళ్ళీ బాదితే నెట్టులో కూర్చుంటుంది. కత్తెరక్క నిలబడ్డ చోటు నుంచి పెద్దగా కదలదు. సుద్దగీత మీద కత్తెర ఆనించినట్టు బంతికి బ్యాటు ఆనిస్తుంది, అంతే. అవతలివాళ్ళు చెమటలు కక్కుతూ, జుట్టు పీక్కుంటూ ఓడిపోతారు. ఓడిపోయాక, "ఇదీ ఒక ఆటేనా?" అంటారు.

మరేమిటట? బంతి బల్ల మీద పడింది, వాళ్ళు తీయలేకపోయారు. దీన్ని ఆట అనకపోతే వంట అంటారా?

వీధి చివర నీళ్ళ ట్యాంకు పక్కన ఒక హాలు ఉంది. సాయంత్రాలు ఆవిడ ఆడేది అక్కడే. హాలు సెక్రటరీ రిటైరైన పోస్టుమాస్టరు. కనిపించినప్పుడల్లా ఆయనది ఒకటే పాట.

"బ్యాటును కరచాలనం చేసినట్టు పట్టుకోవాలమ్మా."

"కరచాలనం చెయ్యడానికి అదేమన్నా మా వియ్యంకుడాండీ?"

"అది పద్ధతి."

"నా వేలు వంగదండీ."

"అలవాటు చేసుకుంటే అదే వంగుతుందమ్మా."

ఈ మాట నిన్న అన్నాడు. మొన్న కూడా అన్నాడు. వేలు వంగదని ఆవిడ నిన్నా చెప్పింది, మొన్నా చెప్పింది, రేపూ చెప్పాలి. వేలు వంగదని ఒక అట్టముక్క మీద రాయించి మెళ్ళో వేలాడదీసుకున్నా, ఈయన అది చదివి అక్షరాలు బాగున్నాయని మెచ్చుకుని, మళ్ళీ కరచాలనం దగ్గరికే వస్తాడు. చెప్పీ చెప్పీ ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది.

వీళ్ళందరూ ఒక ఎత్తు, వదిన ఒక్కతే ఒక ఎత్తు.

వదిన అంటే భర్తకు సొంత అక్క. బళ్ళో డ్రిల్లు టీచరు. మెళ్ళో విజిల్ ఇంటికొచ్చినా తీయదు. కాలేజీ రోజుల్లో చాంపియన్. అప్పటి కప్పులన్నీ ముందుగదిలో అద్దాల బీరువాలో ఉంటాయి, ఎవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు వాటిని చూపిస్తుంది. ఆవిడ బ్యాటు పట్టు పుస్తకంలో బొమ్మలా ఉంటుంది. ఆవిడ కొట్టే దెబ్బ చూస్తే, ఆట మానేసి చూస్తూ నిలబడదామా అని కత్తెరక్కకే అనిపిస్తుంది. నలభై దాటిన ఆడవాళ్ళకు హాల్లో ఏటా పోటీ పెడతారు. ఫైనల్లో మిగిలేది ఈ వదినా మరదళ్ళే. వరసగా మూడేళ్ళు మరదలే గెలిచింది.

గెలిచిన ప్రతిసారీ వదిన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఒకే మాట అనేది. "గెలిచింది నువ్వు కాదు మరదలా. ఆ రబ్బరు."

అక్కడితో వదిలినా బాగుండేది. చుట్టాలు నలుగురు చేరిన చోటల్లా, "మా మరదలి దగ్గర ఒక రబ్బరు ఉందిలెండి, దానికి ఆట బ్రహ్మాండంగా వచ్చు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. కత్తెరక్క కూడా నవ్వాలి. నవ్వకపోతే ఇంత చిన్న మాటకే మూతి ముడుచుకుందంటారు. నవ్వి నవ్వి ఆవిడ దవడలు నొప్పి పుట్టాయి.

అసలు ఈ మాట ఆవిడకు కొత్త కాదు. గుడ్డ వృథా కాకుండా కోసి పెడితే, "ఈసారి గుడ్డ పన్నా వెడల్పుగా వచ్చింది" అనేవాడు సూపర్‌వైజరు. కూతురు బాగా చదివితే బడి మంచిదన్నారు. ఇంటినిండా చుట్టాలొచ్చినప్పుడు ఒంటి చేత్తో వండి పెడితే అత్తగారు కొత్త స్టవ్వును మెచ్చుకుంది. తను చేసింది తనే చేసిందని జన్మలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఎవరైనా అంటే వినాలని ఆవిడకు ఉంది. అందులోనూ వదిన నోట వినాలని ఉంది. కప్పు ఎవరిక్కావాలి? ఇంట్లో ఉన్న కప్పుల్లో గుండీలు పోసుకుంది ఆవిడ. నువ్వే గెలిచావు అన్న రెండు ముక్కలు కావాలి. ఆ రెండు ముక్కల కోసమే ఏటా ఆడుతోంది, ఏటా రబ్బరు గెలుస్తోంది.

ఇక భర్త సంగతి. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగదిలో కూర్చుని అద్దాలు సానపడతాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఎవరికీ కాదని చెప్పడు, భార్యకూ చెప్పడు, అక్కకూ చెప్పడు. అందుకే ఇద్దరి మధ్యా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుంటాడు. ఆయనకు ఒకటే జబ్బు. వేలికి గరుకు తగిలితే ఓర్చుకోలేడు. ఇంట్లో కంచాల అంచులు, తలుపు గడియలు, తల్లి చేతికర్ర పిడి, అన్నీ ఒకటొకటిగా దుకాణానికి పట్టుకెళ్ళి నున్నగా చేసి తెచ్చాడు. ఒకసారి క్యారెట్ తురుముకునే రేకును చేత్తో తడిమి చూస్తూ ఆలోచనలో పడితే, కత్తెరక్క గబుక్కున లాక్కుని దాచిపెట్టింది.

ఆ ఏడాది ఆయన ఆదివారాలు అక్క ఇంటికి వెళ్ళడం ఎక్కువైంది. అడిగితే, "అక్కయ్య ఇంట్లో కుళాయి కారుతోందట" అనేవాడు. పెద్ద ఆర్డరు వచ్చి యూనిట్లో ఆదివారం కూడా పని ఉండేది కాబట్టి, ఏం కుళాయో ఏం కారడమో కత్తెరక్క పట్టించుకోలేదు. ఆయన కుడి భుజానికి తైలం రాసుకుంటుంటే మాత్రం, "కుళాయి తిప్పితే ఇంత నొప్పా?" అంది.

"పాత కుళాయి" అన్నాడాయన గోడకేసి చూస్తూ.

ఈసారి సెమీఫైనల్ అయిన దగ్గర నుంచి ఫైనల్ దాకా ఆవిడకు బ్యాటు ముట్టుకునే తీరిక దొరకలేదు. ఆర్డరు పంపాల్సిన వారం అదే. తలుపు వెనక కొక్కేనికి గుడ్డ సంచి వేలాడుతోంది, అందులో బ్యాటు ఉంది, ఇంకేం కావాలి అనుకుంది.

ఫైనల్ రోజు హాల్లో కుర్చీలు చాలలేదు. కత్తెరక్క సంచిలోంచి బ్యాటు తీసి, అలవాటుగా బుడిపెల మీద వేలు రాసింది. వేలు సర్రున జారిపోయింది. మళ్ళీ రాసింది, మళ్ళీ జారింది. కిటికీ వెలుతురులోకి తిప్పి చూసింది. ఒక్క బుడిపె లేదు. రబ్బరు పలక మీద నల్లగా, నున్నగా, తళతళలాడుతోంది.

తల తిప్పి రెండో వరసలో ఉన్న భర్తకేసి చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఏవండీ, ఇదేంటి?"

"నున్నగా చేశాను" అన్నాడు. మెచ్చుకుంటుందేమోనన్న ఆశ ఆయన గొంతులో ఇంకా పూర్తిగా చావలేదు.

"ఎవరు చెయ్యమన్నారు?"

"కొన్ని బుడిపెలు ఊడిపోయాయి. అక్కడక్కడ ఎగుడుదిగుడైపోయింది. నీకు ఇబ్బందని మిగతావి కూడా సమానం చేశాను. సానచక్రం మీద, మెల్లగా, రెండు పూటలు కూర్చుని..."

"కొక్కేనికి వేలాడే బ్యాటుకి బుడిపెలు ఎలా ఊడతాయండీ?"

 ఆయన ఒకసారి అక్క వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

"మొదలెడదామా అమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు.

కత్తెరక్కకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది. అదీ కోపంతోనే. హాల్లో ఉన్న మిగతా బ్యాట్లన్నీ నున్నటివే, ఏది తీసుకున్నా ఒకటే. కనీసం దీని పిడికి తన చెయ్యి తెలుసు. అలాగే పట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది.

మొదటి గేము గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. ఆనించిన బంతి ఆనించినట్టు పడలేదు. ఒకటి బల్ల దాటి టీ గ్లాసుల్లోకి పోయింది. ఒకటి పోస్టుమాస్టరు కళ్ళజోడుకి తగిలి దాన్ని కింద పడేసింది. విచిత్రం ఏమిటంటే, వదిన ఆట కూడా అంతే అధ్వాన్నంగా ఉంది. ముందుకు వంగి, చచ్చిపడే బంతి కోసం మోకాళ్ళు మడిచి కాచుకుని ఉంటే, బంతి ఎగిరి ఆవిడ ఛాతీ మీదికి వస్తోంది. తీయబోతే పైకప్పుకేసి పోతోంది. ఏటా చూసేవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు. వెనక నుంచి ఎవరో, "పట్టు మార్చి చూడమ్మా" అని అరిచారు. ఆ అరిచినవాడి పేరు కత్తెరక్కకు తెలిసుంటే ఈ కథ ఇంకోలా ముగిసేది.

రెండో గేము సగంలో వదిన బంతిని చేత్తో పట్టేసుకుంది.

"ఆగు మరదలా. ఇది నీ బంతి కాదు. నీ బంతి ఏది?"

"మీ తమ్ముణ్ణి అడగండి వదినా."

"ఏంరా?"

"నున్నగా చేశానక్కా."

వదిన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మరదలి చేతిలో బ్యాటు లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నున్నగా చేశావా! ఒరే, ఆర్నెల్ల నుంచీ ఆదివారం ఆదివారం నా ప్రాణం తోడుకుని, ఆ దిక్కుమాలిన బంతి ఎలా తియ్యాలో నేర్చుకున్నాను కదరా! ఇవాళ తీరా ఫైనల్లో దాన్ని లేకుండా చేస్తావా!"

"నేర్చుకున్నారా?" అంది కత్తెరక్క. "ఎక్కడ? ఎవరితో ఆడి?"

"ఇంకెవరితో, వీడితోనే! మా బళ్ళో బల్ల వేయించి. నీ బ్యాటే తెచ్చాడు, నీలాగే కత్తెర పట్టు పట్టాడు. మొన్నటికి మొన్న బంతిని కొట్టబోయి బల్ల అంచుకి కొట్టి బుడిపెలు ఊడగొట్టాడు. ఏదో ఒకటి చేస్తాలే అక్కా అంటే, కొత్త రబ్బరు వేయిస్తాడు కాబోలనుకున్నాను."

"అదా పాత కుళాయి" అంది కత్తెరక్క భర్తతో. ఆయన తన చెప్పుల కేసి శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

వదిన ఆగే స్థితిలో లేదు. ఆర్నెల్ల కష్టం మట్టిపాలైన మనిషి, మాట ఎటు పోతోందో చూసుకోలేదు.

"పోనీ వీడన్నా సరిగ్గా ఆడి చచ్చాడా? పదింటిలో ఒక్క బంతి నీ బంతిలా వచ్చేది, మిగతా తొమ్మిదీ గోడకి! ఆ ఒక్క దాని కోసం గంటలు గంటలు నిలబడ్డాను. అదే బ్యాటు, అదే రబ్బరు, అదే పట్టు, అయినా ఎడమచేత్తో ఆడి ఓడించాను వీణ్ణి! ఎప్పుడు ఆనించాలో, ఎంత ఆనించాలో తెలిసేది నీ చేతికి, వీడికేం తెలుసు? గెలిపించేది ఆ రబ్బరే అయితే వీడెందుకు ఓడిపోతాడు, వెధవ?"

అన్నాక ఆవిడకే వినిపించింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. 

"ఆఖరి మాట మళ్ళీ చెప్పండి వదినా" అంది కత్తెరక్క.

"ఏ మాట?"

"ఆ రబ్బరు మాట."

"వీడు వెధవ అన్నాను. బంతి వెయ్యి" అని బ్యాటూ బంతీ మరదలి చేతిలో పెట్టి, వదిన తన వైపుకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆట ఆటలా సాగింది. బుడిపెలు లేని బంతిని బాదడానికి వదినకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. తన పాత ఆట గుర్తు తెచ్చుకుని, ఎడాపెడా కొట్టి గెలిచేసింది. కత్తెరక్క చిత్తుగా ఓడిపోయింది. ఓడిపోతుంటే బాధ కలగాలి కదా, కలగలేదు. సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళు గెలిచి సంపాదించుకోలేని మాట, కట్టుకున్న మనిషి బ్యాటు పాడుచేస్తేగాని దక్కలేదన్నది తలుచుకుంటే మాత్రం ఆ సంతోషంలోనే ఒళ్ళు మండిపోతోంది.

పోస్టుమాస్టరు పగిలిన కళ్ళజోడుతోనే కప్పు అందించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన ఆ కప్పును కుళ్ళిన వంకాయను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఎందుకు ఆ చప్పట్లు? గెలిచింది నేను కాదు. మా తమ్ముడి సానచక్రం" అంది.

అవునని అనేయడానికి ఇంతకన్నా మంచి అదను కత్తెరక్కకు దొరకదు. మూడేళ్ళ బాకీ ఒక్క ముక్కతో తీరిపోతుంది. మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కాని ఆ మాట వింటే లోపల ఎలా ఉంటుందో ఆ హాల్లో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"కాదు వదినా. మీరే గెలిచారు."

వదిన మరదలి ముఖంలోకి చూసింది. వెటకారం ఉందేమోనని వెతికింది, దొరకలేదు. దాంతో ఇంకా చిరాకు పడింది.

"నా మీద జాలి చూపించకు. కొత్త బుడిపెల రబ్బరు వేయించుకో. వచ్చే ఆదివారం మా బడికి రా. నీ పట్టుతోనే రా, నీ బంతితోనే ఆడు. అప్పుడు ఓడిస్తాను నిన్ను."

"మీరు ఓడిపోతే?"

"ఓడిపోతే ఓడిపోతాను."

"ఓడిపోతే ఏమంటారు?"

"అబ్బబ్బబ్బ! నువ్వే గెలిచావంటాను, సరేనా? అందరి ముందూ అంటాను. ప్రాణం తియ్యకు!"

 కత్తెరక్క బ్యాటును సంచిలో పెట్టుకుంది.

భర్త అప్పుడు దగ్గరికొచ్చాడు. "కొత్త రబ్బరు నేను తెచ్చి అతికిస్తాను" అన్నాడు.

"నువ్వు ముట్టుకోకు!" అని అక్క, "మీరు దాని జోలికి రాకండి!" అని భార్య, ఇద్దరూ ఒక్కసారే అరిచారు. మొయ్యడానికి మాత్రం కప్పు ఆయన చేతికిచ్చి, వదినా మరదళ్ళు వచ్చే ఆదివారం ఎన్ని గంటలకో పోట్లాడుకుంటూ ముందు నడిచారు. ఆయన వెనకాలే వస్తూ, కప్పు అంచు ఒకచోట కాస్త గరుకుగా ఉందని వేలితో తడిమి చూసుకున్నాడు.